నేలను చదివే గురువును నిలుపుకోవాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి మళ్లిన చోట తడి ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచులంట దానిమ్మ గింజ రంగులో సన్నటి ఎర్ర చారలు కనిపిస్తాయి. ఓడల నుంచి కారిన నూనె అనో, ఊరి మురుగు అనో అనుకుని పక్కనుంచి నడిచిపోయేవాళ్లే ఎక్కువ. ఆ నల్లవి ఇల్మెనైట్ రేణువులు, ఎర్రవి గార్నెట్. వాటి పుట్టిల్లు కడలి కాదు, కొండ. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే ఖోండలైట్ శిలలో గార్నెట్ గింజలు గింజలుగా పొదిగి ఉంటుంది. ఆ కొండల్లో బతికే ఖోండు గిరిజనుల పేరిట 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ శిలకు ఆ పేరు పెట్టారు. ఎండకు పగిలి, వానకు నాని, మెత్తబడిన ఆ రాయి గెడ్డల్లో కొట్టుకొచ్చి ఎప్పటికో సముద్రాన్ని చేరుతుంది. అక్కడి నుంచి కెరటాలు దాన్ని తీరం పొడవునా జరుపుతూ పోతాయి. కొండ నుంచి కెరటం దాకా సాగే ఈ ప్రయాణాన్ని చదివేది భూస్వరూప శాస్త్రం. ఆ ప్రయాణంలో తేడా కొండ మీద వస్తే చరియ విరిగిపడుతుంది. గెడ్డలో వస్తే కాలనీలు మునుగుతాయి. తీరంలో వస్తే రోడ్డు సముద్రంలో కలుస్తుంది. ఈ శాస్త్రాన్ని పరిశోధిస్తూ, పాఠం చెబుతూ ఒక జీవితకాలం గడపడం అనే కొలువు గురించి మన రాష్ట్రంలో ఎవరూ మాట్లాడటం లేదు. మాట్లాడవలసిన అవసరం అన్ని ఊళ్లకంటే విశాఖకే ఎక్కువ.

ఆకాశాన్ని చదవడం మనం బాగానే నేర్చుకున్నాం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు దాదాపు 10 వేల మంది చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరం మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి పచ్చదనం ఒక్క పూటలో మాడిపోయినట్టయింది, నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. అయినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. రోజుల ముందే హెచ్చరిక రావడం, జనాన్ని తరలించడం వల్ల దక్కిన ఫలితం అది. విశాఖలో 1974 నుంచి పనిచేస్తున్న తుఫాను హెచ్చరికల కేంద్రం, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వంటి సంస్థలు ఈ మార్పులో భాగస్వాములు. అయితే తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పగలిగిన మనం, ఆ వాన పడ్డాక ఏ కొండవాలు జారుతుందో, ఏ గెడ్డ కట్ట తెంచుకుంటుందో, ఏ వీధి ముందు తీరం ఎన్ని అడుగులు వెనక్కి పోతుందో చెప్పలేకపోతున్నాం. గాలి సంగతి వందల కిలోమీటర్ల దూరం నుంచి తెలుస్తుంది. నేల సంగతి ఆ నేల మీద ఏళ్ల తరబడి నడిచినవాడికే తెలుస్తుంది. అందుకే నేను అంటున్నది ఇది: ఒకే చోటును ముప్పై ఏళ్లు కనిపెట్టి చూసి, ఆ చూపును విద్యార్థులకు అప్పగించే విశ్వవిద్యాలయ అధ్యాపకుడి ఉద్యోగం విశాఖ లాంటి నగరానికి రేవులో ఓడను నడిపించే పైలట్ ఉద్యోగమంత అవసరం. దాన్ని ఖాళీగా ఉంచడం నగర భద్రతను ఖాళీగా ఉంచడమే.

ఈ నగరం బతుకే ఇసుక లెక్క మీద నిలబడి ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి తీరాన్ని తాకుతాయి. కెరటం ఏటవాలుగా పైకెక్కి, తిన్నగా కిందికి జారుతుంది. దానితో పాటు ఇసుక రేణువు ప్రతిసారీ ఉత్తరానికి ఒక అడుగు వేస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత ఇసుక వెనక్కి నడుస్తుంది గానీ, ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ విశాఖ రేవులోకి వచ్చే నాటికే ఇంజనీర్లకు ఈ సంగతి తెలుసు. డాల్ఫిన్ నోస్ కొండ పక్కనున్న ప్రవేశ మార్గంలోకి ఇసుక చేరకుండా రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుకట్టగా నిలిపారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది, పొడవైన రాతి అడ్డుగోడలు వచ్చాయి. ఉత్తరానికి నడిచే ఇసుక గోడ దగ్గర ఆగిపోయింది, గోడకు అవతల ఉన్న ఆర్కే బీచ్‌కు రావలసిన వాటా తగ్గింది. అందుకే గోడకు దక్షిణాన ఇసుకను పోగుచేసే గుంట ఒకటి ఏర్పాటు చేసి, అక్కడ చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరపు తీరంలో పోస్తున్నారు. ప్రకృతి ఉచితంగా చేసే రవాణాను మనం డీజిల్ పోసి చేస్తున్నామన్నమాట. ఎంత తోడాలి, ఎక్కడ పోయాలి, ఎప్పుడు పోయాలి అన్న ప్రశ్నలకు జవాబు తప్పితే డబ్బూ పోతుంది, తీరమూ పోతుంది.

ఆ జవాబు వెతకడం విశాఖలోనే, చాలా ముందుగా మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్ర శాఖకు పేరు తెచ్చిన ఆచార్య సి. మహాదేవన్ కొండల రాళ్లతో ఆగకుండా సముద్రం వైపు చూశారు. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త అతిథి ఆచార్యుడిగా వాల్తేరు వచ్చారు. విశ్వవిద్యాలయానికి సొంత ఓడ లేదు, భారత నౌకాదళం సాయపడింది. ఆ కృషి ఫలితంగా 1954లో, 1958లో విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్ర సంపుటాలు ప్రచురించింది. మొదటి సంపుటంలో లాఫాండ్, ఆర్. ప్రసాదరావు కలిసి వాల్తేరు తీరంలో ఇసుక కోత, మేటల చక్రాన్ని కొలిచి రాసిన వ్యాసం ఉంది. రెండో సంపుటంలో మహాదేవన్, ప్రసాదరావు గోదావరి ముఖానికి ఉత్తరాన కాకినాడ ముందు పెరుగుతున్న ఇసుక నాలుక గురించి రాశారు. మనం హోప్ ఐలాండ్ అని పిలుచుకునేది ఆ నాలుక చివరనే. ఆ పెరుగుదలకూ ఉప్పాడ తీరం కోతకూ సంబంధం ఉందని తర్వాతి తరం పరిశోధకులు చూపించారు. ఆంధ్ర తీరానికి ఎదురుగా సముద్ర గర్భంలో ఉన్న లోయల్లో ఒకదానికి ఆంధ్ర అనీ, మరొకదానికి మహాదేవన్ అనీ పేర్లు పెట్టారు. ఒక తెలుగు విశ్వవిద్యాలయం పేరూ, అందులో పాఠం చెప్పిన పంతులు పేరూ సముద్రపు అడుగున నిలిచిపోయాయి.

ఈ చరిత్రను గర్వం కోసం చెప్పడం లేదు. 1950లలో ఆ కొలతలు ఎందుకు ముఖ్యమో చూడండి. తీరం ప్రతి ఏడాదీ కోతకు గురవుతుంది, ప్రతి ఏడాదీ తిరిగి పూడుతుంది. వానాకాలంలో బీచ్ సన్నబడితే అది రోగం కాదు, రుతువు. ఆ ఇసుక తిరిగి రాకపోతే అదే రోగం. ఒక్క ఏడాది ఫొటో చూసి ఈ రెండింటినీ వేరుచేయడం ఎవరి తరమూ కాదు. ఔటర్ హార్బర్ రాకముందు తీరం ఎలా ఊపిరి పీల్చేదో తెలిస్తేనే, వచ్చాక ఏం మారిందో తెలుస్తుంది. కోత కనిపించగానే రాళ్లు గుమ్మరించడం మనకు అలవాటైపోయింది. రాళ్లు పోసిన చోట రోడ్డు నిలుస్తుంది, దాని పక్క ఊరికి కోత తగులుతుంది. ఉప్పాడలో రాళ్లూ పోశారు, జియో ట్యూబులూ పరిచారు. అయినా తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ రోడ్డు దెబ్బతింటూనే ఉంది, మత్స్యకారుల ఇళ్లు సముద్రంలో కలుస్తూనే ఉన్నాయి. కారణం తెలియకుండా చేసే వైద్యానికి పర్యవసానం అది.

ఒక అధ్యాపకుడు ఒకే నేలను పట్టుకుని కూర్చుంటే ఏం దక్కుతుందో చెప్పే ఉదాహరణ మన డెల్టాలదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య కె. నాగేశ్వరరావు, ఆయన సహ పరిశోధకులు కృష్ణా గోదావరి డెల్టాల తీరరేఖను దశాబ్దాల మీద పోల్చి 2010లో ఒక అంతర్జాతీయ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. 1965 నుంచి 2008 వరకు 43 ఏళ్లలో 336 కిలోమీటర్ల డెల్టా తీరం వెంట నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయింది. కోత వేగం 1990కి ముందుకంటే తర్వాత బాగా పెరిగింది. ఎందుకు? కృష్ణలో కొట్టుకొచ్చే ఒండ్రు 1960ల చివర్లో ఏటా 90 లక్షల టన్నులు ఉంటే, 2000 తర్వాత 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరిలో 1970లలో 15 కోట్ల టన్నులున్నది 2000 తర్వాత 6 కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతోంది, డెల్టాకు తిండి అందడం లేదు. కోనసీమలో కొబ్బరిచెట్టు వేళ్లు గాల్లో తేలి సముద్రంలోకి ఒరిగితే దాని కారణం వందల కిలోమీటర్ల ఎగువన ఉందని ఈ లెక్క చెబుతుంది. ఆనకట్టలు వద్దని ఎవరూ అనరు, అన్నం పెట్టేవి అవే. కానీ ప్రతి కొత్త ప్రాజెక్టు ఖర్చులో తీరం కోత కూడా ఒక పద్దుగా ఉండాలని ఈ లెక్క చూపి అడగవచ్చు. ఇలాంటి లెక్క ఒక టెండరుతో, ఆరు నెలల ఒప్పందంతో పుట్టదు.

ఇక కొండ సంగతి. విశాఖ చుట్టూ ఉన్న ఖోండలైట్ రాయిని తాజాగా పగిలిన చోట చూస్తే గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. నాలుగడుగుల పైన అదే రాయి చేత్తో నలిపితే పిండయ్యేలా ఉంటుంది. అందులోని ఫెల్‌స్పార్ తెల్లటి సుద్దమన్నుగా మారిపోతుంది, గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి మట్టికి ఆ ఎర్రదనాన్ని ఇస్తుంది. రాతి పొరలు మాత్రం ఎటు వాలి ఉన్నాయో అటే వాలి ఉంటాయి. వాన నీరు పై మట్టిలోంచి దిగి ఆ సుద్ద పొర మీద నిలిచిందంటే పైనున్నదంతా ఆ పొర వాలు వెంట జారడానికి సిద్ధం. అందుకే ఒకే కొండకు ఒక పక్క వందేళ్లు చెక్కుచెదరకుండా ఉంటే, రెండో పక్క ఇంటి పునాది కోసం ఒక్క కోత కోసినా కూలుతుంది. 2024 సెప్టెంబరు వానలకు గోపాలపట్నం కొండవాలులో మట్టి జారి ఇళ్లు ప్రమాదంలో పడ్డాయి, కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అదే వానలకు అల్లూరి సీతారామరాజు జిల్లా గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు గిరిజన పల్లె మీద పడ్డాయి. దానికి కొద్ది రోజుల ముందు విజయవాడ మొగల్రాజపురంలో బండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. ఇవేవీ హిమాలయాలు కావు. మన ఊళ్ల నడిబొడ్డున ఉన్న చిన్న కొండలు.

ఇది పేదల ఇళ్ల సమస్య మాత్రమే అనుకుని రేవూ, ఉక్కు కర్మాగారమూ నిశ్చింతగా ఉండటానికి లేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస కిరండూల్ రైలు మార్గం అనంతగిరి ఘాట్ మీదుగా, యాభైకి పైగా సొరంగాల గుండా పోతుంది. విశాఖ ఉక్కుకు ఖనిజం వచ్చే దారి కూడా అదే. ఘాట్‌లో బండరాళ్లు పట్టాల మీద పడిన ప్రతిసారీ వ్యాగన్లు ఆగుతాయి. కొండ మీద మెత్తబడిన ఒక రాయి, బ్లాస్ట్ ఫర్నేస్ ముందు నిలబడిన కార్మికుడి షిఫ్టు, రేవులో సరుకు కోసం ఎదురుచూసే ఓడ, ఈ మూడూ ఒకే గొలుసు. ఆ గొలుసు మొదటి లింకును చదివేవాళ్లను తయారుచేసే చదువుకు ఈ నగరపు పెద్ద సంస్థలన్నీ రుణపడి ఉన్నాయి.

దీనికి చాలామంది వెంటనే చెప్పే మాట ఉంది: ఉపగ్రహాలున్నాయి, డ్రోన్లున్నాయి, కృత్రిమ మేధ వచ్చింది, హైదరాబాద్‌లోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, జియలాజికల్ సర్వే దేశమంతటా చరియల ముప్పు పటాలు గీస్తోంది, మరి విశ్వవిద్యాలయంలో పంతులెందుకు? ఆ సంస్థల పని గొప్పది, దాన్ని తగ్గించి చెప్పను. కానీ ఉపగ్రహం తీరం జరిగిందని చూపుతుంది, ఎందుకు జరిగిందో చెప్పదు. కొండచరియ జారే వేళ ఆకాశం నిండా మబ్బులే ఉంటాయి, మామూలు కెమెరాకు ఏమీ కనిపించదు. మన తొలి పూర్తిస్థాయి దూర సంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్ 1ఏ కక్ష్యలోకి వెళ్లింది 1988లో. రేవు కట్టింది అంతకు 55 ఏళ్ల ముందు. ఆ మధ్యకాలం సంగతి పాత సర్వే పటాల్లో, డ్రెడ్జింగ్ రికార్డుల్లో, లాఫాండ్ కాలపు కొలతల్లో ఉంది. వాటిని వెతికి, ఈనాటి చిత్రం పక్కన పెట్టి చదివే మనిషి కావాలి. ఎంత వాన పడితే కొండ జారుతుందన్న ప్రశ్ననే తీసుకోండి. 1980లో నెల్ కేన్ అనే శాస్త్రవేత్త ప్రపంచం నలుమూలల నుంచి 73 సంఘటనలు సేకరించి వాన తీవ్రతకూ, అది కురిసిన వ్యవధికీ ఉన్న సంబంధాన్ని ఒక గీతగా గీశారు. ఆ గీత దారి చూపింది, కానీ సింహాచలం కొండకు సింహాచలం గీతే కావాలి. దాన్ని గీయాలంటే ఈ కొండ మీద ఏ రోజు ఎంత వాన పడింది, ఎక్కడ ఎంత జారింది అన్న పద్దు ఏళ్ల తరబడి రాయాలి. కృత్రిమ మేధకు కూడా నేర్పడానికి ఆ పద్దే కావాలి.

ఇంకో వాదన ఉంది: అవసరం వచ్చినప్పుడు నిపుణుల సంస్థకు డబ్బిచ్చి నివేదిక రాయించుకోవచ్చు కదా అని. చేస్తూనే ఉన్నాం. ప్రాజెక్టు కట్టేవాడే డబ్బిచ్చి రాయించుకునే నివేదిక ప్రాజెక్టు అనుమతితో ముగుస్తుంది. ఆ గోడ కట్టాక పదేళ్లకు తీరం ఏమైందో వెళ్లి చూడాలన్న బాధ్యత అందులో ఎవరికీ ఉండదు. విశ్వవిద్యాలయ అధ్యాపకుడికి జీతం ప్రజలిస్తారు, అతని ఉద్యోగానికి భద్రత ఉంటుంది, అందుకే అతను ఇష్టంలేని నిజం చెప్పగలడు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఈనాటికీ మిగిలి ఉన్నాయంటే అందులో ఇక్కడి భూగర్భ శాస్త్ర అధ్యాపకులు విసుగులేకుండా చెప్పిన పాఠాలకూ వాటా ఉంది. సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి పోయిన మంచుయుగంలో బయటపడిన ఇసుకను గాలి తెచ్చి పోసిన జాడలు అందులో ఉన్నాయని, ఇలాంటి తీరపు ఎర్ర ఇసుకలు దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంకల్లో మాత్రమే మరి కొన్ని చోట్ల ఉన్నాయని వాళ్లు చెబుతూ వచ్చారు. 2014లో జియలాజికల్ సర్వే దాన్ని భూ వారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. వాన నీరు ఎర్ర ఇసుకను చీల్చుకుంటూ నిలువు గోడల లోయలు చెక్కడం అక్కడ ఒక్క వానాకాలంలో కళ్లారా చూడవచ్చు. భూమి ఉపరితలం ఎలా మారుతుందో చెప్పడానికి అంతకంటే మంచి తరగతి గది దేశంలో ఎక్కడా దొరకదని నా నమ్మకం. బుల్‌డోజర్లు అక్కడికి చేరిన ప్రతిసారీ మనం పోగొట్టుకుంటున్నది ఆ తరగతి గదిని కూడా.

అధ్యాపకుల మీద వచ్చే ఫిర్యాదు ఒకటుంది, అందులో నిజం ఉంది. పరిశోధనలన్నీ ఆంగ్లంలో విదేశీ పత్రికలకు పోతున్నాయి, గోపాలపట్నం వాలులో ఉండే ఇల్లాలికి గానీ, జాలారిపేట మత్స్యకారుడికి గానీ ఒక్క ముక్క చేరడం లేదు. ఒప్పుకుంటాను. అయితే తప్పంతా వాళ్ల మీద వేయడం న్యాయం కాదు. పదోన్నతి లెక్కలో వ్యాసానికి మార్కులున్నాయి. ఇరవై ఏళ్లు ప్రతి నెలా ఒకే చోట బీచ్ వెడల్పు కొలిచిన నోటు పుస్తకానికి లేవు. వార్డు సచివాలయంలో కూర్చుని వాలు పటం తెలుగులో వివరించిన సాయంత్రానికి లేవు. ఏది లెక్కలోకి వస్తే మనుషులు అదే చేస్తారు. సుదీర్ఘ పరిశీలనకూ, స్థానిక భాషలో ప్రజలకు చెప్పడానికీ పరిశోధనతో సమానమైన విలువ ఇస్తే ఇదే అధ్యాపకులు ఆ పనీ చేస్తారు.

చదివితే ఉద్యోగాలేవని తల్లిదండ్రులు అడుగుతారు. జియలాజికల్ సర్వే, భూగర్భ జల మండలి, వాతావరణ శాఖ, ఓఎన్‌జీసీ, విపత్తు నిర్వహణ సంస్థలు ఉన్నాయి, పోటీ పరీక్షలున్నాయి. ఆ జవాబు సగమే. పరిశోధనలో ఐదారేళ్లు గడిపి పీహెచ్‌డీ అయ్యాక గంటల లెక్కన అతిథి అధ్యాపకుడిగా చేరి, వచ్చే ఏడాది ఉంటానో లేదో తెలియని యువకుడు ముప్పై ఏళ్ల కొలత మొదలుపెట్టలేడు. రాష్ట్రంలోని 18 విశ్వవిద్యాలయాల్లో 3,220 అధ్యాపక పోస్టులు భర్తీ చేస్తామని 2023లో ప్రకటించారు. ఆ ప్రక్రియ కోర్టు వివాదాల్లో చిక్కుకుని ఆగింది. ఒక తరం అధ్యాపకులు రిటైరై, తర్వాతి తరం రాకపోతే పోయేది జీతం పద్దు కాదు, ఏ చెట్టు దగ్గర నిలబడి కొలిచేవారో తెలిసిన మనిషి. ఆ గొలుసు ఒక్కసారి తెగితే మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పేదల వైపు నుంచి వస్తుంది. ఏ వాలు ప్రమాదకరమో పటం గీస్తే, ఆ పటం చూపించి కొండవాలు ఇళ్లను కూలగొడతారు, రేపు అదే చోట రిసార్టు లేస్తుంది అని. రుషికొండను ఎలా తవ్వారో కళ్లారా చూసిన నగరంలో ఈ భయం అకారణం కాదు. కానీ పటం లేకపోవడం పేదవాడిని కాపాడదు, చీకట్లో ఉంచుతుంది. విశాఖలాగే కొండలూ సముద్రమూ ఇరుకున పెట్టిన రేవు నగరం హాంకాంగ్. 1972 జూన్ 18న అక్కడ రెండు చోట్ల కొండవాలు కూలి 138 మంది చనిపోయారు. 1976లో మళ్లీ జరిగింది. 1977లో ఆ ప్రభుత్వం కొండవాలుల కోసమే ఒక ఇంజనీరింగ్ కార్యాలయం పెట్టింది. మనిషి కోసిన ప్రతి వాలుకూ నంబరు ఇచ్చారు, దాదాపు 60 వేల వాలులకు రిజిస్టరు ఉంది. ఎక్కడ నీరు పోయే కాలువ పూడింది, ఎక్కడ గోడ ఉబ్బింది అన్నది అందులో రాస్తారు, బాగుచేస్తారు, వాన పరిమితి దాటితే నగరమంతా హెచ్చరిక పోతుంది. చరియల మరణాలు ఆ తర్వాత బాగా తగ్గాయి. వాలు జారడానికి చాలాచోట్ల కారణం ఇల్లు ఉండటం కాదు, నీరు పోయే దారి లేకపోవడం. ఒక కాలువ, ఒక గోడకు నీరు కారే రంధ్రాలు, కోసిన వాలుకు సరైన వంపు, ఇవి వంద ఇళ్లను అక్కడే ఉంచి కాపాడగలవు. ఏ వంద ఇళ్లను కాపాడవచ్చో, ఏ పది ఇళ్లను తప్పనిసరిగా తరలించాలో వేరుచేసి చెప్పగలిగేది ఆ కొండను చదివినవాడే. ఆ మాట ప్రభుత్వం నోటి నుంచి వస్తే జనం అనుమానిస్తారు. తమ పిల్లలకు పాఠం చెప్పే పంతులు నోటి నుంచి, పటం బల్ల మీద పరిచి, వాళ్ల భాషలో వస్తే వింటారు.

చట్టం ఇప్పుడు ఒక తలుపు తెరిచింది. విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో చేసిన సవరణ ప్రకారం కార్పొరేషన్ ఉన్న పెద్ద నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేయవచ్చు. విశాఖకు ఆ సంస్థ వచ్చినప్పుడు అందులో అధికారులతో పాటు నేలను చదివే ఒక ఆచార్యుడికి, తీరాన్ని చదివే ఒక ఆచార్యుడికి స్థానం ఉండాలి. హాంకాంగ్ తరహాలో కొండవాలుల రిజిస్టరు మహా విశాఖ నగర పాలక సంస్థ మొదలుపెట్టాలి, దాన్ని విద్యార్థులతో నింపించాలి. ఎమ్మెస్సీ విద్యార్థికి అంతకంటే మంచి ప్రాజెక్టు పని లేదు. తీరాన్ని నెలనెలా కొలిచే ఖర్చు రేవూ, నగర పాలక సంస్థా పంచుకోవాలి. డ్రెడ్జర్ ఒక్కరోజు నడిచే ఖర్చు ముందు ఆ మొత్తం చాలా చిన్నది. కొలతలన్నీ తెలుగులో, వార్డు వారీగా, ఎవరైనా చూసేలా పెట్టాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది, 2026తో నూరేళ్లు. వేడుకలు జరగాలి, తోరణాలు కట్టాలి. వాటితో పాటు ఒక పని చేయండి. 1954 సంపుటంలో వాల్తేరు బీచ్ కొలతలు ఆగిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టే ఒక శాశ్వత అధ్యాపకుణ్ని, అతని వెంట ఇద్దరు పరిశోధక విద్యార్థులను వచ్చే అక్టోబరు తుఫానుల కంటే ముందే నియమించండి.